నిలబెట్టి తెచ్చిన పూలు

నా కాడ వంగదు. ఈ మాట మా పూల షెడ్డులో పదిమంది ముందు చాలాసార్లు అన్నాను. అన్నందుకు సిగ్గుపడను. పదకొండేళ్లలో నా పూలు ఒక్కసారే వెనక్కి వచ్చాయి. ఆ ఒక్కసారి సంగతి ఇది.

నాది ముప్పావు ఎకరం. అందులో గ్లాడియోలస్ తప్ప ఇంకేమీ వెయ్యను. నోరు తిరగనివాళ్లు గ్లాడి అంటారు. నేనూ అంతే అంటాను. దుంప పాతితే మూడు నెలలకు నడుమెత్తు కాడ లేస్తుంది. కాడకి ఒకే పక్కన, కింది నుంచి పైకి, పదిహేను మొగ్గలు వరసగా ఉంటాయి. అడుగు మొగ్గ రంగు చూపించగానే కోయాలి. రెండు మొగ్గలు విచ్చేదాకా ఆగితే దుకాణం చేరేసరికి ముసలిదవుతుంది. రంగు రాకముందే కోస్తే ఎప్పటికీ విచ్చదు. ఈ రెండింటికీ మధ్య ఒక్క పూట ఉంది. ఆ పూట తెలిసినవాడు రైతు. మిగతావాళ్లు పొలం ఉన్నవాళ్లు.

గ్లాడికి ఒక మొండితనం ఉంది. పడుకోబెడితే ఒప్పుకోదు. కోసిన తరవాత కూడా దాని కొన పైకే చూస్తుంది. అడ్డంగా పెడితే మెల్లగా మెడ లేపుతుంది. వేడిలో అయితే నాలుగైదు గంటలు చాలు. ఒకసారి లేచిన మెడ మళ్లీ దిగదు. కాడ బాణంలా పోయి కొసన గొడుగు పిడిలా తిరుగుతుంది. గొడుగు పిడిని పూల దుకాణంవాడు కొనడు.

మా షెడ్డులో ఈ గుణాన్ని మొదట కనిపెట్టింది నా భార్య. అప్పట్లో వంకర కాడలు వస్తే అందరూ దుంపల్ని తిట్టేవారు, ఎరువుల్ని తిట్టేవారు. ఆమె ఎవర్నీ తిట్టలేదు. ఒకే మడిలోంచి రెండు కాడలు కోసింది. ఒకటి మంచం మీద పడుకోబెట్టింది. ఒకటి చెంబులో నిలబెట్టింది. సాయంత్రం నన్ను పిలిచి రెండూ చూపించింది. "ఏ ఎరువు వేశావు దీనికి?" అని మంచం మీదిదాన్ని చూపించి అడిగింది. దాని మెడ వంగి ఉంది. ఆ కాడ నాదే.

ఆమె తమ్ముడికి వ్యాను ఉంది. ఒక పాత మంచం చట్రం విప్పించి, వ్యాన్లో నిలువు గూడు కట్టించింది. బకెట్లు కింద, కాడలు పైకి, మధ్యలో తీగెలు. తీగె ఒరుసుకోకుండా ఆమె తన పాత నీలం బట్ట పేలికలుగా చించి చుట్టింది. ఆ ఏడాది ఆ వ్యాన్లో వచ్చిన పూలు ఒక్కటీ వంగలేదు. మరుసటి ఏడాది అన్ని బళ్లకీ గూళ్లు కట్టించారు. షెడ్డు గోడమీద బోర్డు పెట్టారు: గ్లాడి నిలబెట్టే తేవాలి. బోర్డు మీద ఆమె పేరు లేదు. ఉండాలని ఆమె అనలేదు. నేను అంటాను.

ఆమె పోయి మూడేళ్లయింది. ఒక పొద్దున ఛాతీ పట్టేసింది. అప్పుడే ఆమె తమ్ముడి వ్యాను వాకిట్లోకి వచ్చింది. వ్యాను నిండా మా రోడ్డువాళ్లందరి పూలు. "నాకేం కాలేదు. ముందు పూలు దించి రా" అంది. వాడు వెళ్లాడు. తిరిగి రావడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆస్పత్రిలో డాక్టరు గడియారం చూసి, ఇంకాస్త ముందు రావాల్సింది అన్నాడు. మర్నాడు పోయింది.

వెళ్లమని ఆమే చెప్పింది. నా చెవులతో విన్నాను. వాడు వినకుండా ఉండాల్సింది. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ ఆపలేదు. నన్ను కూడా నేను క్షమించలేదు. కాని నాతో నేను మాట్లాడక తప్పదు. వాడితో తప్పుతుంది. ఆ రోజు నుంచి వాడి బండి ఎక్కలేదు, వాడితో మాట్లాడలేదు. నా పూలు వేరే ముసలాయన వ్యాన్లో పోయేవి.

పూలు మా చేతిలోంచి ఎటు పోతాయో చెప్పాలి. మా షెడ్డు కింద ముప్పై రెండు మంది చిన్న రైతులం ఉన్నాం. ఒక్కొక్కడి పంటకీ లారీ రాదు. అందుకని అందరి పూలూ షెడ్డుకి చేరతాయి. అక్కడ బల్ల మీద ఏరుతారు, పది కాడలు ఒక కట్ట కడతారు, చల్లగదిలో పెడతారు, నిలువు అట్టపెట్టెల్లో సర్దుతారు. సాయంత్రం ఆరింటికి చల్లలారీ వస్తుంది. ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ కొని దుకాణాలకి పంచుతుంది. కొన్నవాడికి మేం తెలియం. కట్ట మీద ఒక నంబరు చీటీ ఉంటుంది, అంతే. నాది పదిహేడు.

ఆ సీజన్లో కంపెనీ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింట్లోనూ ఒకటే మాట: వంకర మెడలు. మూడోసారి వస్తే మా షెడ్డు పూలు ఇక కొనబోమని రాశారు. ముప్పై రెండు కుటుంబాలకి ఇంకో కొనేవాడు లేడు. పాత ఏరేవాణ్ణి తీసేసి మేనేజరు కొత్త మనిషిని పెట్టాడు.

ఆ కొత్త మనిషి నా కూతురు.

ఒక్కతే కూతురు. పూల పంటల మీద రెండేళ్ల కోర్సు చదివింది. షెడ్డు పక్కనే గది తీసుకుని ఉంటోంది. దాన్ని పెట్టినప్పుడు షెడ్డులో గుసగుసలు వచ్చాయి. ముఖ్యంగా ఒకడి నోట్లోంచి. వాడికి మేం పెట్టిన పేరు రేడియో. పొద్దున మొదలైతే కరెంటు పోయినా ఆగడు. "ఇంకేముంది, పదిహేడు నంబరుకి పండగే. వంకరైనా టింకరైనా పాసే" అన్నాడు. నేను విన్నాను. నా పూలకి ఎవరి దయా అక్కర్లేదని అన్నాను. నా కాడ వంగదని కూడా అన్నాను.

కంపెనీ తరఫున చెక్ చేసే ఆవిడ వస్తుందన్న రోజుకి ముందురోజు కూతురు ఫోను చేసింది.

"నాన్నా, ముసలాయన బండి అమ్మేశాడు. రేపట్నుంచి మీ రోడ్డుకి మామయ్య బండి."

"నేను వేరే బండి చూసుకుంటా."

"రేపే చెకింగ్ నాన్నా. నాలుగు వందల కట్టలు రాసిచ్చారు. అందులో నలభై నీవి."

"నా పూల సంగతి నాకు తెలుసు."

"మూడేళ్లయింది."

"నువ్వు లెక్కపెట్టక్కర్లేదు."

ఫోను పెట్టేసింది. మా ఇంట్లో ఎవరూ రెండోసారి బతిమాలరు.

తెల్లవారుతూనే కోశాను. నాలుగు వందల కాడలు, ఒక్కో మొక్కకి నాలుగేసి ఆకులు వదిలి. ఆకులు వదలకపోతే దుంప చిక్కిపోతుంది. ఆరింటికి గేటు ముందు వ్యాను ఆగింది. హారన్ కొట్టింది. నేను మడిలో వీపు తిప్పుకుని నిలబడ్డాను. కాసేపటికి ఇంకోసారి కొట్టింది, మెల్లగా, భయపడుతూ కొట్టినట్టు. తరవాత వెళ్లిపోయింది.

నేను పిలిపించుకున్నది కూరగాయల ట్రాలీ. పైన టార్పాలిన్, ఎత్తు తక్కువ. డ్రైవరు నా పూల వైపు చూసి నవ్వాడు.

"నిలబెడితే పైన తగుల్తాయి పెద్దాయనా. పడుకోబెట్టు. పూలే కదా, కాస్త నిద్రపోతాయి."

"ఎంతసేపట్లో తీసుకెళ్తావు?"

"గంటన్నర. నువ్వూ నా పక్కనే కూర్చుంటావు కదా, చూస్తూనే ఉంటావు."

తడి గోనెల్లో చుట్టి పడుకోబెట్టాను. బోర్డు నాకు తెలుసు. బోర్డు ఎందుకు వచ్చిందో షెడ్డులో అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా గంటన్నరే కదా అనుకున్నాను. వంగేవి నీళ్లెక్కువ తాగి మెత్తబడ్డ కాడలు, నావి బొటనవేలంత లావు అనుకున్నాను. ఆ రోజు మంచం మీద వంగింది నా కాడేనని గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాళ్లలో నేనొకణ్ణి. ఆ పొద్దున దానికి రెండే కాళ్లని కూడా వాదించేవాణ్ణి.

గంటన్నర అన్నవాడు నాలుగు ఊళ్లు తిప్పాడు. ఒకచోట వంకాయలు ఎక్కించాడు, ఒకచోట టైరు మార్చాడు, ఒకచోట మేనమామ కనిపించాడని దిగాడు. షెడ్డు చేరేసరికి పదకొండు. ఐదు గంటలు.

షెడ్డు పెద్ద రేకుల గది. ఒక పక్క చల్లగది తలుపు, ఒక పక్క పెట్టెలు, మధ్యలో ఏరే బల్ల. బల్ల చివర గోడ మీద నిలువుగా ఒక నల్ల గీత ఉంది. నా కూతురు వచ్చాక గీసింది. ప్రతి కట్టనీ ఆ గీత పక్కన నిలబెట్టి చూస్తుంది. అందరివీ అయిపోయాయి, నావే మిగిలాయి. రేడియో స్తంభానికి ఆనుకుని టీ తాగుతున్నాడు. నా బావమరిది గుమ్మం దగ్గర నిలబడి వ్యాను తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. నన్ను చూసి తిప్పడం ఆపాడు.

"పదిహేడు" అని పిలిచింది నా కూతురు. బల్ల దగ్గర నాన్నా అనదు. అనకూడదని నేనే చెప్పాను.

గోనె విప్పింది. మొదటి కాడ తీసి బొటనవేలితో కొన తాకింది. వాళ్లమ్మ అలాగే తాకేది. గీత పక్కన పెట్టింది. కొన గీతకి రెండు వేళ్ల దూరం జరిగి ఉంది. ఇంకోటి తీసింది. ఇంకోటి. వేరే గోనె విప్పి అడుగునుంచి తీసింది. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు.

"ఎందులో తెచ్చారు?"

"ట్రాలీలో."

"నిలబెట్టా?"

షెడ్డంతా వింటోంది. నేను అబద్ధం చెప్పను. "పడుకోబెట్టి."

"ఎంతసేపు?"

"ఐదు గంటలు."

చీటీ మీద రాసింది. "పదిహేడు, నలభై కట్టలు. తీసేస్తున్నాను."

రేడియో టీ గ్లాసు కింద పెట్టాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు గాని, ఇదిగో, వంగింది! చూడండయ్యా, రోజూ చూద్దామన్నా దొరకదు!" ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నాకు చెవులు కాలాయి. "సరిగ్గా చూడు" అన్నాను.

"చూశాను."

"ఇంకోసారి చూడు."

"ఇంకోసారి చూస్తే చక్కబడతాయా?"

"నీకు పూల పని నేర్పినవాణ్ణి నేను."

"కొయ్యడం నువ్వు నేర్పావు" అంది, తల ఎత్తకుండానే. "తీసెయ్యడం అమ్మ నేర్పింది."

గొడవ విని మేనేజరు తన గదిలోంచి వచ్చాడు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని అవే వెతుక్కునే మనిషి. చెడ్డవాడు కాదు, భయస్థుడు. భయస్థుడు చేసే చెడ్డ పనులకి లెక్కుండదు.

"అమ్మాయీ, నలభై తగ్గితే ఎలా? నాలుగు వందలని రాసిచ్చాం. లారీ తక్కువతో పోతే అదో తలనొప్పి. ఒక పని చెయ్. పెట్టెకి రెండు చొప్పున నడిమిలో సర్దు. చుట్టూ నిటారువి పెట్టు. పైనుంచి చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది?"

"చూసేవాళ్లకి తెలీదు సార్. తీసేవాళ్లకి తెలుస్తుంది."

"ఒక్కరోజుకే. పైగా మీ నాన్నవే కదా."

"అందుకే సార్."

మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి పెద్దాయనా. పదకొండేళ్లలో మీ పూలు ఒక్కసారైనా తీసేశామా? మీరు ఊఁ అంటే సర్దేద్దాం. మీ అమ్మాయి మీ మాట కాదంటుందా?"

అంటుంది. అది నాకు తెలుసు. దాని చేతి వైపు చూశాను. వంకర కాడ ఇంకా ఆ చేతిలోనే ఉంది. ఆ పిల్ల ఉద్యోగానికి రెండు నెలలు నిండలేదు. నేను ఊఁ అంటే నా నలభై కట్టలు లారీ ఎక్కుతాయి. ఆ తరవాత ఆ బల్ల మీద అది ఎవడి కట్ట తీసేసినా, మీ నాన్నవి నడిమిలో పెట్టావుగా అంటాడు. మొదట రేడియోనే అంటాడు. కంపెనీ ఆవిడకి ఒక్క కట్ట దొరికితే ముప్పై రెండు ఇళ్ల పొయ్యి ఆరుతుంది.

"ఆమె తీసేసింది" అన్నాను. "తీసేస్తే తీసేసినట్టే."

"పోనీ రెండో రకం బల్ల మీద పెట్టండి. ఇక్కడి దుకాణాలవాళ్లు తీసుకుంటారు."

"నాకు రెండో రకం లేదు."

గోనెలు నేనే మోసుకుని షెడ్డు వెనక పెంటకుప్ప మీద వేశాను. నాలుగు వందల కాడలు. ఎర్రవి, తెల్లవి, గులాబీవి. పెంట మీద కూడా వాటి మొహం అటే తిరిగి ఉంది.

అక్కడ నిలబడితే నాకు కోపం రావాలి. వచ్చింది. ట్రాలీవాడి మీద, నా మీద. దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. రేడియో కూతురు ఆ బల్ల దగ్గర ఉంటే రేడియో పూలు పెట్టె నడిమిలో ఉండేవి. నా కూతురు ఉంది, నా పూలు పెంట మీద ఉన్నాయి. ఈ షెడ్డులో ఇంకెవడికైనా ఉందా అలాంటి పెంట? ఛాతీ ఇంత వెడల్పయింది. పెంటకుప్ప ముందు నిలబడి ఒక మనిషి అంత గర్వపడడం ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు. ఎవరూ చూడలేదు.

చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను.

"తగ్గిన నలభై నేనే ఇస్తాను" అన్నాను. "గట్టు కింద మడి ఉంది. రేపు కోద్దామనుకున్నది."

నా కూతురు చీటీల మీంచి తల ఎత్తింది. "కోతకి వచ్చిందా?"

"పొద్దునే అడుగు మొగ్గ రంగు చూపించింది."

"ఎండలో కొయ్యకూడదు."

"రెండింటికి గట్టు మీది చెట్ల నీడ మడి మీద పడుతుంది."

"నాలుగున్నరకి ఇక్కడుండాలి. నిలబెట్టి."

"తెలుసు."

"తెలిసే కదా పొద్దున పడుకోబెట్టింది."

రేడియో నవ్వబోయి, దాని మొహం చూసి మానుకున్నాడు.

మిగతా బళ్లన్నీ వెళ్లిపోయాయి. గూడు ఉన్న బండి ఒక్కటే మిగిలింది. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. నా బావమరిది బయటికి వెళ్లి ఖాళీ బకెట్లలో నీళ్లు నింపాడు. గూట్లో పెట్టాడు. ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

నేను వెనక్కి వెళ్లి గూటి పక్కన ఎక్కాను.

గంటా పావు దారి. మూడేళ్లుగా చూడని గూడు నా మోకాళ్లకి తగులుతోంది. అదే మంచం చట్రం. తీగెలకి నీలం పేలికలు అలాగే ఉన్నాయి. రంగు వెలిసింది. చిరిగినచోట వేరే గుడ్డ వెయ్యలేదు, అదే గుడ్డ ముడి మార్చి కట్టాడు. బకెట్లో నీళ్లు గతుకుల్లో నా కాళ్ల మీద చిందాయి. ఒకసారి గతుకు రాకముందే బండి నెమ్మదించింది. తరవాత ప్రతి గతుకుకీ నెమ్మదించింది.

రెండుంబావుకి మడి మీద నీడ పడింది. కత్తెర తీసుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టాను. కాసేపటికి ఇంకో చివర కూడా కత్తెర చప్పుడు వినిపించింది. రమ్మని నేను అనలేదు. వద్దని కూడా అనలేదు. వాడు వదిలిన ఆకులు లెక్కపెట్టాను. నాలుగు. వాడికి అది నేర్పింది నేను కాదు.

మధ్యలో ఒక కాడ పట్టుకుని వచ్చాడు. "బావా, ఇది పనికొస్తుందంటావా? రంగు కాస్త ఎక్కువ వచ్చింది."

కాడ తీసుకుని చూశాను. బకెట్లో పెట్టాను.

ఇంకాసేపటికి, వంగి కోస్తూనే, "ఆ రోజు అక్క..." అన్నాడు.

నేను కత్తెర ఆపలేదు. మాట వాడే ఆపాడు.

నాలుగు వందల ఇరవై కోశాం. ఇరవై ఎందుకు ఎక్కువంటే, బల్ల దగ్గర ఉన్నది ఎవరో నాకు తెలుసు కనక.

నాలుగూ ఇరవైకి షెడ్డు చేరాం. నా కూతురు పొద్దున చూసినట్టే చూసింది. ఒక్కొక్క కాడ, బొటనవేలు, నల్ల గీత. తొందర ఉందని ఒక్కటి కూడా వదిలెయ్యలేదు. నాలుగు వందల ఇరవైలో పదకొండు తీసేసింది. ఒకదానికి మొగ్గ మీద గోటి గుర్తు ఉందంది. అది నా గోరే. నలభై కట్టలు కట్టింది. తొమ్మిది కాడలు మిగిలాయి.

ఐదుంబావుకి కంపెనీ ఆవిడ వచ్చింది. నడివయసు, పొట్టి చేతుల చొక్కా, పెద్ద వాచీ. మంచినీళ్లు కూడా తాగకుండా పెట్టెల దగ్గరికి వెళ్లింది. అంచున ఉన్న కట్ట ముట్టుకోలేదు. చెయ్యి నిలువునా లోపలికి పెట్టి నడిమిలోంచి తీసింది. మేనేజరు కళ్లద్దాలు నుదుటి మీంచి ముక్కు మీదికి వాటంతటవే జారాయి.

ఆవిడ తీసిన కట్ట మీద చీటీ నాకు కనిపించింది. పదిహేడు.

వడ్రంగి చెక్క చూసినట్టు ఒక కన్ను మూసి కాడ పొడవునా చూసింది. తిప్పి చూసింది.

"ఇవి ఎప్పుడు కోశారు? కోసినచోట ఇంకా పచ్చిగా ఉంది."

"మధ్యాహ్నం రెండున్నరకి" అంది నా కూతురు.

"అందరివీ పొద్దున కోసినవి. ఇవెందుకు ఆలస్యం?"

మేనేజరు ఏదో సర్దబోయాడు. నా కూతురు అవకాశం ఇవ్వలేదు. "పొద్దున తెచ్చినవి వంగి ఉన్నాయి. తీసేశాను."

"ఎవరివి?"

"పదిహేడు."

"మరి ఇవి?"

"ఇవీ పదిహేడే."

ఆవిడ కట్ట దించి నా కూతురి మొహంలోకి చూసింది. "నలభై కట్టలు తీసేస్తే ఆ పదిహేడు ఊరుకున్నాడా?"

"ఊరుకోలేదు. వెళ్లి మళ్లీ కోసుకొచ్చాడు."

అప్పటిదాకా రేడియో పంటి బిగువున ఆగాడు. ఇక ఆగలేకపోయాడు. "మేడమ్, ఆ పదిహేడు ఎవరో కాదు, ఈ పిల్ల కన్నతండ్రి! అదిగో, ఆ స్తంభం పక్కన, మూతి ముడుచుకుని!" అన్నాడు. ఎగతాళికే మొదలుపెట్టాడు. చివరికి వచ్చేసరికి వాడి గొంతులో వేరే మాట ఉంది. తన ఊరి ఎద్దు పందెం గెలిస్తే పక్క ఊరివాడికి చెప్పుకునే గొంతు. వాడి నోట అలాంటిది వింటానని నేననుకోలేదు.

ఆవిడ నన్ను చూసింది, దాన్ని చూసింది. "పోలిక ఉంది" అంది.

నా కూతురు మొహం వాళ్లమ్మది. కళ్లూ ముక్కూ గడ్డం, ఏదీ నాది కాదు. ఆవిడ అన్నది మొహం గురించి కాదు. నేను మూతి ఇంకాస్త ముడుచుకున్నాను. లేకపోతే నవ్వు కనిపించేది.

ఇంకో ఐదు పెట్టెలు నడిమి దాకా చెయ్యి పెట్టి చూసింది. సంతకం పెట్టింది. ఆరింటికి లారీ కదిలింది. నాలుగు వందల కట్టలు, నిలబడి. దుకాణంవాడు చీటీ చింపి పారేస్తాడు. ఆ పూలు ఎవరి బల్ల మీదికో పోతాయి. ఆ ఇంటివాళ్లకి పదిహేడు ఎవరో తెలీదు, గోడ మీది గీత తెలీదు, మంచం చట్రం తెలీదు. పూలు నిటారుగా ఉన్నాయని కూడా వాళ్లు గమనించరు. వంగితేనే గమనిస్తారు. మా పని అలాంటిది.

నా కూతురు బల్ల తుడిచి బయటికి వచ్చింది. బల్ల దాటింది కనక, "నాన్నా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అంది.

"ఆ గీత కాస్త లావుగా ఉంది" అన్నాను. "సన్నగా గియ్యి. వెంట్రుక వాసి వంకర కూడా దొరకాలి."

"రేపు గీస్తా" అంది. అది ఏడవబోతోందో నవ్వబోతోందో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. మా పిల్లే.

మిగిలిన తొమ్మిది కాడలూ గూట్లోనే ఉన్నాయి. నా బావమరిది వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు, నాకు రెండు అడుగుల దూరంలో. నేను నా కూతురి వైపే తిరిగి చెప్పాను.

"మీ మామయ్యతో చెప్పు. రేపు ఐదున్నరకి బండి గేటు ముందు ఉండాలి. ఒక్కసారి హారన్ చాలు."

అది వాడి వైపు తిరిగింది. "మామయ్యా, రేపు ఐదున్నరకి..."

"వినపడిందిలేమ్మా" అన్నాడు వాడు.

నేను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. నడుం నొప్పిగా ఉంది కనక ముందు సీట్లో కూర్చున్నాను. వాడు ప్రతి గతుకుకీ నెమ్మదించాడు. ఇల్లు చేరి వెనక తలుపు తీసి చూశాను. తొమ్మిదీ నిటారుగా ఉన్నాయి.